రుద్రదేవ మహారాజు



గణపతిదేవుడికి రుద్రమదేవి ఏమవుతుంది? ఇవాళ బడికెళ్ళే ఏ పిల్లనడిగినా కూతురని టక్కున చెబుతుంది. నూరేళ్ళ కిందట ఇదే ప్రశ్న వేస్తే పెద్ద పెద్ద పండితులు కూడా కాసేపు తటపటాయించేవారు. భార్య అని గట్టిగా వాదించినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళేమీ ఊసుపోక అన్నమాట కాదది. వాళ్ళ చేతిలో రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి మన తెలుగు గ్రంథం. రెండోది వెనిస్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి మాట. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు సాక్ష్యాలు ఒకే మాట చెబితే ఎవరైనా నమ్ముతారు. తీరా చూస్తే రెండూ తప్పే.

ఆ తెలుగు గ్రంథం ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. ఓరుగల్లు ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. ఆ తర్వాత చాలాకాలానికి, అప్పటిదాకా జనం నోట నలిగిన కథలన్నిటినీ పోగుచేసి రాసిన వచన గ్రంథమిది. చదవడానికి భలే రంజుగా ఉంటుంది. అందులో రుద్రమ గణపతిదేవుడి భార్య. భర్త పోయాక రాజ్యభారం తలకెత్తుకున్న ఇల్లాలు. ఆ కథలు చెప్పుకున్న జనానికి అదే సహజంగా తోచి ఉంటుంది. రాజు పోతే రాణి ఏలడం ఊహకి అందుతుంది. తండ్రి బతికుండగానే కూతుర్ని సింహాసనం మీద కూర్చోబెట్టడం అందదు. అందని దాన్ని కథ తనకు అందే ఎత్తుకి దించుకుంది.

ఇక వెనిస్ వర్తకుడు. పేరు మీకు తెలిసిందే, మార్కో పోలో. చైనాలో కుబ్లాయ్ ఖాన్ కొలువు నుంచి తిరిగి వెళుతూ 1290ల తొలి ఏళ్ళలో మన తీరాల వైపు వచ్చాడు. ఆయన ముత్ఫిలి అని రాసిన రాజ్యం మోటుపల్లి రేవు పేరు మీద పిలిచిన కాకతీయ రాజ్యమే. ఆ రేవుకి 1244లో గణపతిదేవుడు ఒక అభయ శాసనం వేయించాడు. గాలివానకి దారితప్పి మా తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకమీద మేం లాక్కోం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని దాని సారాంశం. అలాంటి రేవుకి విదేశీ వర్తకులు రావడంలో వింత లేదు. సాలెగూడు పోగుల్లాంటి సన్నని బట్టలు ఇక్కడ నేస్తారని పోలో మెచ్చుకున్నాడు. వజ్రాల గురించైతే కథలే అల్లాడు. పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయట, గద్దలు ఆ ముక్కల్ని తన్నుకుపోతే జనం వెంటపడి వజ్రాలు ఏరుకుంటారట! ఆ నోటితోనే ఈ దేశాన్ని ఒక రాణి ఏలుతోందనీ, భర్త చనిపోయి 40 ఏళ్ళయిందనీ, ఆయన బాగా ఏలితే ఈమె అంతకన్నా బాగానే ఏలిందనీ, న్యాయం తప్పదనీ, ప్రజలు అంతగా ఎవరినీ ప్రేమించలేదనీ రాశాడు.

గద్దల కథ నమ్మనివాళ్ళు కూడా ఈ మాట నమ్మారు. ఎందుకు నమ్మరు, మన ప్రతాపరుద్ర చరిత్రము కూడా అదే చెబుతోందాయె. పోలో పుస్తకాన్ని ఇంగ్లీషు చేసి వివరణలు రాసిన 19వ శతాబ్దపు దొరలు కూడా రుద్రమను గణపతి విధవగానే రాసుకున్నారు. పైగా పోలో వచ్చేనాటికి ఆమె బతికే లేదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ ముడి విప్పింది ఒక రాయి. గుంటూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, మందడం పక్కనున్న మల్కాపురంలో నిలబెట్టిన శిలాస్తంభం. శక సంవత్సరం 1183, అంటే క్రీస్తుశకం 1261. వేయించినవాడు గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువు. గణపతిదేవుడికీ రుద్రమకీ ఆయనే గురువు. జయంతి రామయ్య పంతులు గారు ఈ శాసనాన్ని ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించారు. అందులో రుద్రమ గణపతిదేవుడి కూతురని అనుమానానికి తావులేకుండా ఉంది. తండ్రి ఇస్తానన్న మందర గ్రామాన్ని కూతురు గురువుగారికి ధారపోసింది. దానికి తోడు తన వంతుగా వెలంగపూడి అనే ఊరిని కూడా ఇచ్చింది. ఈ వెలంగపూడి ఎక్కడో కాదండీ, ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే. అక్కడ ఫైళ్ళు కదిలిస్తున్నవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఆ శాసనంలో నన్ను కట్టిపడేసేది వంశావళి కాదు. ఆ ఊళ్ళ రాబడిని పంచిన తీరు. ఒక భాగం మఠానికి, ఇంకో భాగం చదువుకునే విద్యార్థులకి, శైవ తపస్వుల భోజనానికి. మిగిలిన దానిలోంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడపాలి. ప్రసూతిశాల! 1261లో, ఒక మఠం లెక్కల్లో, పురుళ్ళు పోయడానికి విడిగా ఒక శాల ఉంది. వేదాలు చెప్పేవాళ్ళెవరు, వైద్యుడెవరు, లెక్కలు రాసే కాయస్థుడెవరు, కాపలా ఎవరు, వంటవాళ్ళెవరు, ఎవరికెంత భూమి అన్నీ రాతి మీద చెక్కారు. ఇది రుద్రమ సొంత ఆలోచనా, గురువుగారిదా అని అడిగితే గురువుగారిదనే చెప్పాలి, న్యాయంగా. కానీ దానికి భూమి ఇచ్చిన చెయ్యి ఆమెది. ఆమె ఏలుబడి మొదలైన తొలి ఏళ్ళ పని ఇది. రుద్రమ అనగానే గుర్రం, కత్తి మాత్రమే తలుచుకునే మనకి ఈ ప్రసూతిశాల ఎందుకు గుర్తు రాదో నాకు అర్థం కాదు.

సరే, కూతురే. మరి శాసనాల్లో ఆమె పేరు చాలాచోట్ల ఎలా ఉంటుంది? రుద్రదేవ మహారాజు అని. రాణి కాదు, మహారాణి కాదు, మహారాజు. ఆమె మనవడు ప్రతాపరుద్రుడి కొలువులోని విద్యానాథుడు ప్రతాపరుద్రీయం అనే అలంకార గ్రంథం రాశాడు. నాటక లక్షణాలు చెప్పడానికి అందులో ఒక నాటకాన్నే ఇమిడ్చాడు. గణపతిదేవుడు శివానుగ్రహం వల్ల పుట్టిన కూతుర్ని కొడుకుగా భావించి రుద్రుడని పేరు పెట్టి రాజ్యానికి వారసుణ్ణి చేశాడని అందులో ఉంది. ఇక్కణ్ణుంచే ఒక పెద్ద కథ పుట్టింది. పుట్టింది ఆడపిల్లని ఎవరికీ చెప్పకుండా, మగపిల్లాడి వేషంలో పెంచి, రహస్యం బయటపడకుండా రాజ్యం నడిపారన్న కథ. సినిమావాళ్ళకి ఇంతకన్నా మంచి సరుకు ఏముంటుంది?

కానీ ఆలోచించండి. రహస్యమైతే 1261లోనే, అందరూ చదివే బహిరంగ స్తంభం మీద, గణపతి కుమార్తె అని ఎందుకు చెక్కిస్తారు? పక్క రాజ్యం శత్రువులకి కూడా ఆమె స్త్రీ అని బాగా తెలుసు. ఎంత బాగా తెలుసో కాసేపట్లో చెబుతాను. ఆమెకి పెళ్ళయింది. భర్త నిడదవోలు చాళుక్యుల వంశానికి చెందిన వీరభద్రుడు. ముగ్గురు కూతుళ్ళు, ముమ్మడమ్మ, రుద్రమ్మ, రుయ్యమ్మ. ఇంత సంసారం ఉన్న మనిషిని మగవాడని ఎవరి దగ్గర దాస్తారు? రుద్రదేవ మహారాజు అన్నది మారువేషం కాదు, పదవి. రాజు అనే స్థానానికి అప్పటి ధర్మశాస్త్రాలు, బిరుదులు, కొలువు లాంఛనాలు అన్నీ మగ రూపంలోనే ఉన్నాయి. ఆమె ఆ స్థానంలో పూర్తిగా కూర్చుంది, సగం కూర్చోలేదు. భర్త పేరు మీద గానీ, చిన్నపిల్లాడి పేరు మీద సంరక్షకురాలిగా గానీ ఏలలేదు. తన పేరు మీదే ఏలింది.

ఇది ఎంత అరుదో తెలియాలంటే ఆమె చెల్లెలు గణపాంబను చూడాలి. గణపతిదేవుడి ఈ కూతుర్ని ధరణికోటను ఏలిన కోట వంశపు బేతరాజుకి ఇచ్చారు. భర్త పోయాక ఆమె కూడా ఆ సీమను ఏలింది. యనమదల శాసనం ఆమె కట్టించిన గుళ్ళు, భర్త పుణ్యం కోసం చేసిన దానధర్మాలు చెబుతుంది. అంటే ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు కూతుళ్ళు రెండు రకాలుగా ఏలారు. ఒకరు విధవగా, భర్త తరఫున. ఇంకొకరు వారసుడిగా, తండ్రి తరఫున. మార్కో పోలోకి ఎవరో గణపాంబ సంగతి, రుద్రమ సంగతి కలిపి చెప్పారేమో అని నాకొక అనుమానం. ఇది నా ఊహ మాత్రమే, రుజువేమీ లేదు.

అదే శతాబ్దంలో ఢిల్లీలో రజియా గద్దెనెక్కింది. 1236 నుంచి 1240 దాకా, నాలుగేళ్ళు నిండకుండానే దింపేశారు, చంపేశారు. రాజుకి కావలసిన గుణాలన్నీ ఉన్నా మగవాడిగా పుట్టకపోవడంతో అవేవీ పనికిరాలేదని ఆమె కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ వాపోయాడు. రుద్రమ 1262 ప్రాంతం నుంచి 1289 దాకా, తండ్రితో కలిసి ఏలిన కాలం కాకుండానే దాదాపు 27 ఏళ్ళు ఏలింది.

ఇప్పుడు శత్రువుల దగ్గరికి వెళదాం. దేవగిరి యాదవ రాజు మహాదేవుడికీ ఓరుగల్లుకీ యుద్ధం జరిగింది. ప్రతాపరుద్ర చరిత్రము ప్రకారం మహాదేవుడు ఓరుగల్లు కోటను ముట్టడించాడు, రుద్రమ అతణ్ణి తరిమికొట్టింది, దేవగిరి దాకా వెంటాడింది, చివరికి అతను కోటి బంగారు నాణేలిచ్చి కాళ్ళబేరానికి వచ్చాడు. మహాదేవుడి మంత్రి హేమాద్రి తన గ్రంథం వ్రతఖండంలో వేరే సంగతి చెబుతాడు. మా రాజు తెలుంగు రాజు ఏనుగుల్నీ, మంగళవాద్యాల్నీ పట్టుకున్నాడు, రుద్రమను మాత్రం ఆడది కదా అని వదిలేశాడు అంటాడు. ఆమె స్త్రీ అని శత్రువులకి ఎంత బాగా తెలుసో చెబుతానన్నానే, ఇదే అది.

ఎవరిది నిజం? యుద్ధంలో ఓడినవాడు ఆడదని వదిలేశానని చెప్పుకోవడం మామూలే. గెలిచినవాళ్ళ మనవల తరంలో గెలుపు కోటి వరహాలుగా పెరగడమూ మామూలే. మాటలు కాకుండా రాళ్ళు చూద్దాం. బీదరు కోటలో దొరికిన ఒక విరిగిన కన్నడ శాసనంలో రుద్రమ బిరుదు రాయగజకేసరి కనిపిస్తుంది. బీదరు అప్పుడు యాదవుల వైపు గడ్డ. కాకతీయ సేన అక్కడి దాకా వెళ్ళకపోతే ఆమె బిరుదు అక్కడ చెక్కరు. కాబట్టి పోరు ఓరుగల్లు గుమ్మం దగ్గర కాదు, యాదవుల ఇలాకాలో ముగిసిందని చెప్పొచ్చు. దేవగిరి దాకా వెళ్ళారనడానికి మాత్రం రాయి సాక్ష్యం లేదు. వరంగల్ కోటలో స్వయంభూ గుడి రంగమండపం శిథిలాల్లో సింహాన్ని ఎక్కి కత్తి, డాలు పట్టిన స్త్రీ శిల్పం ఉంది. అది రాయగజకేసరి బిరుదుకి రూపమనీ, రుద్రమేననీ పరిశోధకులు భావించారు.

ప్రతాపరుద్ర చరిత్రములోనే ఇంకో కథ ఉంది. గణపతిదేవుడి వేరే భార్యల కొడుకులు హరిహరదేవుడు, మురారిదేవుడు ఆడదాని కింద ఉండటమేమిటని తిరగబడి కోట పట్టుకున్నారనీ, రుద్రమ వాళ్ళని మట్టుబెట్టిందనీ. నవలలకి, నాటకాలకి, సినిమాకి ప్రతినాయకులు వీళ్ళే. అయితే వీళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. రేచెర్ల ప్రసాదిత్యుడనే సేనానికి కాకతిరాజ్య స్థాపనాచార్య అనే బిరుదు వెలుగోటివారి వంశావళిలో ఉంది. స్థాపనాచార్యుడంటే ఆ రాజ్యం ఎప్పుడో ఒకప్పుడు ఊగిసలాడిందనే అర్థం. లోపలి తిరుగుబాటు ఏదో జరిగే ఉంటుంది. తిరగబడ్డ వాళ్ళెవరో, వాళ్ళ బాధేమిటో ఈ ఒక్క కథను పట్టుకుని తేల్చలేం.

నిజానికి ఆమెకు తండ్రి అప్పజెప్పిన రాజ్యం పూలపాన్పేమీ కాదు. గణపతిదేవుడు అరవై ఏళ్ళకు పైగా ఏలాడు. తీరాంధ్రం, తెలంగాణ, రాయలసీమ చాలాభాగం ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. కానీ చివర్లో నెల్లూరు దగ్గర ముత్తుకూరు పోరులో పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడి చేతిలో ఘోరంగా దెబ్బతిన్నాడు. దక్షిణాన నెల్లూరు సీమ చేజారింది. తూర్పున కళింగ గాంగులు గోదావరి వైపు చూస్తున్నారు. పడమట యాదవులు. లోపల, తరతరాలుగా సామంతులైన పెద్ద ఇళ్ళవాళ్ళు కొత్త ఏలిక బలమెంతో చూద్దామని కాచుకుని ఉన్నారు.

ఇక్కడే రుద్రమ అసలు పనితనం ఉందని నా అభిప్రాయం. ఆమె కాలం శాసనాల్లో పాత వంశాల సామంతుల పేర్లు తగ్గుతూ, నాయకులనే కొత్త తరగతి మనుషుల పేర్లు పెరుగుతూ వస్తాయి. వీళ్ళకి చెప్పుకోదగ్గ వంశావళి ఉండదు. తాత ముత్తాతల పేర్లతో శ్లోకాలు రాయించుకోరు. రాజుకి బంటునని చెప్పుకుంటారు. యుద్ధంలో రాణించి, రాజు నుంచి ఊళ్ళ ఆదాయం పొంది, బదులుగా సైన్యాన్ని పోషించేవాళ్ళు. సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి మధ్యయుగ ఆంధ్రదేశపు శాసనాలను వందల సంఖ్యలో పోల్చి చూసి ఈ మార్పును వివరంగా చూపించారు. పుట్టుకను బట్టి కాక, చేసిన పనిని బట్టి మనుషుల్ని పైకి తేవడమన్నమాట. పుట్టుకతో రాజు కాలేని మనిషి రాజై చేసిన పని ఇది! ప్రతాపరుద్రుడి కాలంలో ఇదే నాయంకర వ్యవస్థగా ముదిరింది. తర్వాత విజయనగరం వాళ్ళు దాన్ని ఇంకా పెద్దదిగా చేశారు. మన విగ్రహాల కింద ఫలకాల మీద రాయాల్సింది ఇదే. కత్తిలాగా కంటికి కనబడదు కాబట్టి ఎవరూ రాయరు.

ఓటమి సంగతి కూడా చెప్పుకోవాలి. కాయస్థులనే సేనాని కుటుంబాన్ని పెంచినవాడు గణపతిదేవుడు. గంగయ సాహిణికి ఆయన నల్లగొండ వైపు పానుగల్లు నుంచి దక్షిణాన రాయలసీమ దాటే దాకా పెద్ద సీమ అప్పజెప్పాడు. ఆ కుటుంబంలో 1272 ప్రాంతంలో అంబదేవుడు పైకొచ్చాడు. గొప్ప యోధుడు, గొప్ప అహంకారి. ఓరుగల్లు పేరెత్తకుండా సొంతంగా ఏలడం మొదలుపెట్టాడు. త్రిపురాంతకం గుడిలో 1290లో వేయించిన శాసనంలో తన విజయాలను ఏకరువు పెట్టాడు. అందులో మల్లికార్జునపతి సప్తాంగాలు హరించానని ఒక మాట ఉంది.

ఈ మాట చాలాకాలం అర్థం కాని పొడుపుకథలా ఉండిపోయింది. అప్పటికి పుస్తకాల్లో రుద్రమ 1295 దాకా ఏలిందని రాసి ఉండేది. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చాక ఈ లెక్క తారుమారైంది. పువ్వుల ముమ్మడి అనే భటుడు అక్కడి సోమనాథదేవుడికి కొంత భూమి ఇచ్చాడు. ఎందుకిచ్చాడు? కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారు, వాళ్ళ పుణ్యం కోసం. ఏ ఏటి మాట? శక సంవత్సరం 1211, మార్గశిరం. అంటే 1289 నవంబరు. రాజవంశం రాయించిన శాసనం కాదిది, సేనాని దగ్గర పనిచేసే ఒక మామూలు బంటు రాయించింది. ఆయన రాయించకపోతే మనకి రుద్రమ ఎప్పుడు పోయిందో ఇప్పటికీ తెలిసేది కాదు.

పురాలిపి పండితులు పి.వి. పరబ్రహ్మ శాస్త్రిగారు ఈ శాసనాన్నీ అంబదేవుడి త్రిపురాంతకం శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చదివారు. రాజ్యానికి సప్తాంగాలంటే స్వామి, అమాత్యుడు, రాష్ట్రం, దుర్గం, కోశం, బలం, మిత్రుడు. మొదటి అంగం స్వామి, అంటే ఏలిక. సేనాని మల్లికార్జునుడి సప్తాంగాలు హరించానంటే అతని ఏలికను కూడా కూల్చానని అర్థం. కాబట్టి రుద్రమ, ఆమె సేనాని అంబదేవుడితో పోరులో ఒకేసారి మరణించారని ఆయన నిర్ణయం. ఇవాళ దాదాపు అందరూ ఒప్పుకుంటున్నది అదే. నాకూ నమ్మదగ్గదిగానే ఉంది. అయినా ఒక సంగతి మరచిపోకూడదు. చందుపట్ల రాతిలో యుద్ధం మాట లేదు, అంబదేవుడి పేరు లేదు. అంబదేవుడి రాతిలో రుద్రమ పేరు లేదు. ఆ రెండు రాళ్ళ మధ్య ఉన్న ఖాళీని నింపింది మన తర్కం. తర్కం గట్టిదే, అయినా అది రాయి కాదు.

చూశారా, ఒక్క తేదీ ఆరేళ్ళు వెనక్కి జరిగేసరికి మనిషి బొమ్మే మారిపోయింది. పాత పుస్తకాల్లో ఆమె మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యమిచ్చి ప్రశాంతంగా కన్నుమూసిన వృద్ధ రాణి. కొత్త పుస్తకాల్లో మనవడు సింహాసనానికి ఎదిగొచ్చిన వయసులో కూడా రణరంగంలో నేలకొరిగిన వీరనారి. ముమ్మడమ్మ కొడుకైన ఆ ప్రతాపరుద్రుడు గద్దెనెక్కగానే చేసిన పెద్ద పని అంబదేవుణ్ణి అణచడమే.

ఇక ఆధునిక కాలంలో ఆమె కీర్తి ఎలా పెరిగిందో కొంచెం చూద్దాం. 20వ శతాబ్దం మొదట్లో కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము, మల్లంపల్లి సోమశేఖర శర్మగారి లాంటి వాళ్ళ శాసన పరిశోధన, ఇవన్నీ తెలుగువాళ్ళకి మనకూ ఒక చరిత్ర ఉందన్న ధైర్యాన్నిచ్చాయి. బ్రిటిష్ పాలనలో కొంత, నిజాం పాలనలో కొంతగా చీలిన తెలుగునేలకి, ఒకప్పుడు అంతా ఒకే రాజ్యంగా ఉండేదని చెప్పడానికి కాకతీయులు పనికొచ్చారు. ఆడపిల్లల చదువు గురించి, హక్కుల గురించి వాదించేవాళ్ళకి రుద్రమ పనికొచ్చింది. అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రి గారి రుద్రమదేవి నవలలు ఆమెను ఇంటింటికీ తీసుకెళ్ళాయి. బాపిరాజు గారి కలానికి నేనూ దాసుణ్ణే. కానీ గోన గన్నారెడ్డి పేరు గట్టిగా వినిపించే రాయి రాయచూరు కోటగోడలో ఉన్న 1294 నాటి శాసనం. అప్పటికి ప్రతాపరుద్రుడి ఏలుబడి. అతన్ని రుద్రమ కోసం దొంగ వేషం కట్టిన వీరుణ్ణి చేసింది నవలాకారుడి ప్రతిభ. 2015లో గుణశేఖర్ తీసిన సినిమా చూసి వచ్చాక చాలామందికి అదే చరిత్ర అయిపోయింది. నవలనీ సినిమానీ తప్పుపట్టడం లేదు, వాటి పని అవి చేశాయి. వాటిని చూసి పాఠం చెప్పే మాస్టార్లతోనే నా పేచీ.

హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద విగ్రహం పెట్టినప్పుడు ఆమె తెలుగు జాతి వెలుగు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కాకతీయ తోరణం రాజముద్రలో చేరింది, చెరువుల మరమ్మతుకి మిషన్ కాకతీయ అని పేరొచ్చింది, ఆమె ఓరుగల్లు ఆడపడుచు అయింది. ఇంకోపక్క కాకతీయులు మా కులంవాళ్ళంటే మా కులంవాళ్ళని పోటీ నడుస్తోంది. కొన్ని శాసనాలు వాళ్ళని సూర్యవంశంతో కలుపుతాయి. కులం ఊసెత్తిన మిగతావాటిలో ఎక్కువ భాగం నాలుగో వర్ణమంటాయి. చాలా శాసనాలు అసలు ఆ ప్రస్తావనే తేవు. ఇప్పుడు మనకున్నంత పట్టింపు వాళ్ళకి ఉన్నట్టు కనబడదు.

అన్ని జ్ఞాపకాలూ పొగడ్తలు కావు. మేడారం జాతరకి రెండేళ్ళకోసారి లక్షలాది జనం వెళతారు. సమ్మక్క, సారలమ్మ ఎవరితో పోరాడి ప్రాణాలిచ్చారు? కరువులో కప్పం కట్టలేమన్నందుకు సైన్యాన్ని పంపిన కాకతీయ రాజుతో. ఆ కథలో ప్రతాపరుద్రుడు దుర్మార్గుడు. అడవిలో కోయవాళ్ళకి గుర్తున్న కాకతీయ రాజ్యం చెరువులూ తోరణాలూ కాదు, పన్నులూ సైన్యమూ. ఈ కథకీ శాసనాల్లో రుజువు దొరకదు. హరిహర మురారి దేవుల కథకి దొరకనట్టే. అయినా ఒకదాన్ని చరిత్ర పుస్తకంలో ఎక్కించి, రెండోదాన్ని జానపదమని పక్కనపెడతాం. రెండింటినీ ఒకే తక్కెడలో తూచాలి. చెరువు తవ్వించిన రాజే పన్ను కూడా వసూలు చేశాడు, ఆ పన్నుతోనే చెరువు తవ్వించాడు.

మరి రుద్రమను ఎలా అంచనా కట్టాలి? స్త్రీ అయి కూడా ఏలిందని పొగిడేవాళ్ళ మాటలో నాకు హేమాద్రి గొంతు వినిపిస్తుంది. ఆడదని వదిలేయడం, ఆడదయినా గెలిచిందనడం ఒక తానులో గుడ్డలే. ఆమె తన్ను మహారాజుగా లెక్కించమంది. అలాగే లెక్కిద్దాం. ఓటమి తర్వాత చేతికొచ్చిన రాజ్యాన్ని 27 ఏళ్ళు నిలబెట్టింది. పడమటి శత్రువుని అతని గడ్డ మీదే ఆపింది. కొత్త మనుషుల్ని పైకి తెచ్చింది. తండ్రి పెంచిపోయిన కాయస్థుల్ని మాత్రం అదుపులో పెట్టలేకపోయింది, దానికి ప్రాణం పోగొట్టుకుంది. కాకతీయుల్లో గణపతిదేవుడి తర్వాత చెప్పుకోవలసిన రాజు ఆమే. నా లెక్కలో రాజ్యం పోగొట్టుకున్న ప్రతాపరుద్రుడి కన్నా ఒక మెట్టు పైనే. పేరు మాత్రం మనవడికే ఎక్కువ వచ్చింది, ఆయనకి విద్యానాథుడు దొరికాడు కాబట్టి. ఆమె కొలువులో అలాంటి కవి ఎవరూ లేరు. ఉన్నది పువ్వుల ముమ్మడి లాంటి బంట్లు.

చివరిగా శ్రోతలకు ఒక మనవి. మన ఊళ్ళలో గుడి ముందో, చెరువు కట్ట మీదో, పొలం గట్టునో పాత అక్షరాలున్న రాళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయి. జీర్ణోద్ధరణ పేరుతో వాటి మీద సున్నాలూ రంగులూ పూస్తున్నారు, మెట్లకి వేసేస్తున్నారు, జేసీబీతో పక్కకి తోసేస్తున్నారు. మీ ఊళ్ళో అలాంటి రాయి కనబడితే దాని మీద ఏమీ పూయనివ్వకండి. సెల్‌ఫోన్‌తో నాలుగువైపులా ఫొటోలు తీయండి, ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు బాగా పడతాయి. ఆ ఫొటోలు మీ జిల్లాకి దగ్గరలోని పురావస్తు శాఖ కార్యాలయానికి పంపండి. చదవడం వాళ్ళు చూసుకుంటారు.